టెస్ట్ కేసులు ఎన్ని అని కాదు, ఎక్కడి నుంచి వచ్చాయని అడగండి: ప్రాజెక్టు గైడ్లకు బహిరంగ లేఖ

తిరుపతి, చిత్తూరు జిల్లాల ఇంజనీరింగ్ కాలేజీల కంప్యూటర్ సైన్స్ విభాగాధిపతులకు, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులకు గైడ్లుగా ఉన్న అధ్యాపకులకు,

నమస్కారం. మేము ఈ రెండు జిల్లాల్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో ఉన్నవాళ్లం. మీ దగ్గర ప్రాజెక్టు చేసి బయటికొచ్చే పిల్లలే రేపు మా పక్క కుర్చీల్లో కూర్చుంటారు. అందుకే ఈ లేఖ నేరుగా మీకు రాస్తున్నాం.

ప్రాజెక్టు రిపోర్టులో టెస్టింగ్ అని ఒక చాప్టర్ ఉంటుంది. అందులో ఒక పట్టిక, పట్టికలో సీరియల్ నంబరు, ఇన్‌పుట్, రావాల్సిన ఫలితం, వచ్చిన ఫలితం, చివర పాస్. ఇందులో ఒక్కో వరుస ఒక్కో టెస్ట్ కేసు. మొన్నమొన్నటి దాకా ఆ పట్టికలో పదో పన్నెండో వరుసలుండేవి, అవైనా విద్యార్థి కూర్చుని రాసేవాడు. ఇప్పుడు ఎస్‌ఆర్‌ఎస్ (సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలో, అంటే రిక్వైర్‌మెంట్లు, రాసే) డాక్యుమెంటును ఏఐకి ఇచ్చి 'దీనికి టెస్ట్ కేసులు రాయి' అంటే నిమిషంలో 100 వరుసలు వస్తాయి. చూడ్డానికి పట్టిక నిండుగా ఉంటుంది, భాష శుభ్రంగా ఉంటుంది, గైడ్ సంతకం పడుతుంది. ఆ వందలో ఎన్ని వరుసలు నిజంగా బగ్ పట్టగలవో మాత్రం ఎవరూ చూడటం లేదు.

ఏఐ వాడొద్దని మేము చెప్పడం లేదు. మేమూ రోజూ వాడుతున్నాం. రిక్వైర్‌మెంట్ చదివి టెస్ట్ కేసు తయారుచేయడంలో దానివల్ల నిజంగా మేలు ఉంది. మేము అడిగేది ఒక్కటే: పిల్లలకు మార్కులు పట్టికలోని వరుసల సంఖ్యకు కాకుండా, ఆ వరుసలు రిక్వైర్‌మెంట్‌లోని ఏ మాట నుంచి వచ్చాయో చూపించినందుకు, అవి తప్పును పట్టగలవని నిరూపించినందుకు వేయండి. ఎలా చేయించాలో కొంచెం వివరంగా చెబుతాం.

మన దగ్గర పిల్లలు తరచూ ఎంచుకోదగిన ప్రాజెక్టు ఒకటి తీసుకుందాం. పాల సేకరణ కేంద్రం సాఫ్ట్‌వేర్. చిత్తూరు వైపు పాడి లేని ఊరు వెతకాలి కాబట్టి పిల్లలకు ఈ విషయం కొత్తగా అనిపించదు. విద్యార్థి ఎస్‌ఆర్‌ఎస్‌లో మామూలుగా ఇలా రాస్తాడు: 'ఆవు పాలలో ఫ్యాట్ 3.2, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.3 కంటే ఎక్కువ ఉంటే పాలు తీసుకోవాలి. లేకపోతే తిరస్కరించాలి. ఫ్యాట్‌ను బట్టి రేటు కట్టి, రైతుకు ఎస్‌ఎంఎస్ పంపాలి.' ఎస్‌ఎన్‌ఎఫ్ అంటే పాలలో వెన్న, నీరు కాక మిగిలే ఘనపదార్థాలు. 3.2, 8.3 (శాతాల్లో) అనేవి ఆవు పాలకు దేశంలో ఉన్న కనీస ప్రమాణాలే, అంకెల్లో తప్పు లేదు. చదివితే అంతా అర్థమైనట్టే ఉంటుంది. పాల కేంద్రంలో రోజూ పాలు పోయించుకునే మనిషికి ఇదే చూపిస్తే వరుసగా ప్రశ్నలు వేస్తాడు.

సరిగ్గా 3.2 వస్తే తీసుకోవాలా, వద్దా? 'కంటే ఎక్కువ' అంటే 3.2 కూడదనే అర్థం. ప్రమాణంలో ఉన్నది మాత్రం 'కనీసం 3.2'. ఎస్‌ఎన్‌ఎఫ్ ఎక్కడి నుంచి వస్తుంది? లాక్టోమీటర్ రీడింగ్‌ను 4తో భాగించి, ఫ్యాట్‌ను 0.25తో గుణించి, రెండూ కలిపి ఒక స్థిరాంకం చేరుస్తారు (లాక్టోమీటర్ పాల సాంద్రత చూపే సాధనం). ఆ స్థిరాంకం డెయిరీని బట్టి మారుతుంది, ఒకచోట 0.44, ఇంకోచోట 0.36. వచ్చిన విలువను దగ్గరి దశాంశానికి సవరిస్తారా, అక్కడికక్కడ కత్తిరిస్తారా? పాలను కిలోల్లో తూచి లీటర్లలో డబ్బు కడతారా? ఆవు పాలు లీటరు సుమారు 1.03 కిలోలు తూగుతాయి కాబట్టి 10 కిలోలంటే 9.71 లీటర్లే. లీటరు 35 రూపాయలనుకుంటే కిలోను లీటరుగా లెక్కగట్టిన ప్రోగ్రాం 10 కిలోల మీద దాదాపు 10 రూపాయలు తేడా చూపిస్తుంది. ఒకే రైతు ఒకే పూటలో రెండుసార్లు పాలు పోస్తే రెండు వరుసలా, ఒకటా? యంత్రం పనిచేయకపోతే చేత్తో రీడింగ్ ఎక్కించవచ్చా? ఎక్కిస్తే ఆ సంగతి బిల్లులో కనబడాలా?

మొదటి ప్రశ్నకు ప్రమాణంతో కలవని జవాబు ఉంది, మిగతావాటిలో ఒక్కదానికీ ఎస్‌ఆర్‌ఎస్‌లో జవాబు లేదు. ఏఐకి అదే డాక్యుమెంటు ఇచ్చి టెస్ట్ కేసులు రాయమంటే, మామూలుగా అది ఆగి అడగదు. తనకు తోచిన జవాబును ఒకటి పెట్టుకుని ముందుకు సాగుతుంది. స్థిరాంకం 0.44 అనుకుంటుంది, లేదా 0.36 అనుకుంటుంది, లేదా ఎస్‌ఎన్‌ఎఫ్‌ను ఆపరేటర్ టైపు చేస్తాడనుకుంటుంది. ఏది అనుకున్నదీ చెప్పదు. రావాల్సిన ఫలితం గడిలో మాత్రం ధీమాగా ఒక అంకె వేస్తుంది. ఆ అంకెను విద్యార్థి నమ్ముతాడు, విద్యార్థిని మీరు నమ్ముతారు. ఏఐతో ఎక్కువ నష్టం ఇక్కడే అని మా అభిప్రాయం. రావాల్సిన ఫలితం తప్పయితే మంచి ప్రోగ్రాం ఫెయిల్ అవుతుంది, చెడ్డ ప్రోగ్రాం పాస్ అవుతుంది.

అందుకని మొదటి పనిగా టెస్ట్ కేసులు అడగొద్దు, ప్రశ్నలు అడగమని చెప్పండి. 'ఈ రిక్వైర్‌మెంట్‌కు టెస్ట్ కేసులు రాయాలంటే నీకు ఇంకా ఏమేం తెలియాలి? టెస్ట్ కేసులు ఇప్పుడే రాయకు, ప్రశ్నలు మాత్రం రాయి' అంటే ఏఐ చాలా బాగా పనిచేస్తుంది. పైన రాసిన ప్రశ్నల్లో చాలావరకు తెచ్చి ముందు పెడుతుంది. అది తేలేనివి, అంటే కిలోలు లీటర్ల గొడవలాంటివి, పాల కేంద్రానికి వెళ్లి అరగంట నిలబడి చూస్తే తెలుస్తాయి. జవాబులు విద్యార్థి సొంతంగా ఊహించకూడదు. ఆ పని చేసే మనిషిని అడిగి, ఎవరిని ఎప్పుడు అడిగాడో పక్కన రాసుకోవాలి. ప్రశ్న, జవాబు, తేదీ అని మూడు గడుల పట్టిక చాలు. వంద వరుసల టెస్ట్ కేసుల కంటే ఈ చిన్న పట్టిక విద్యార్థి గురించి మీకు ఎక్కువ చెబుతుంది.

జవాబులు వచ్చాక రిక్వైర్‌మెంట్‌ను తిరగరాయించండి. ఒక్కో వాక్యానికి ఒక్కో నంబరు, ఒక్కో వాక్యంలో ఒక్కటే పని. ఉదాహరణకు ఇలా. ఆర్-1: లాక్టోమీటర్ రీడింగ్‌ను 4తో భాగించి, ఫ్యాట్‌ను 0.25తో గుణించి, రెండూ కలిపి 0.44 చేర్చితే వచ్చేది ఎస్‌ఎన్‌ఎఫ్. ఆర్-2: ఎస్‌ఎన్‌ఎఫ్‌లో ఒక్క దశాంశ స్థానం ఉంచి మిగతాది కత్తిరించాలి. ఆర్-3: ఫ్యాట్ కనీసం 3.2, ఎస్‌ఎన్‌ఎఫ్ కనీసం 8.3, ఈ రెండూ ఉంటేనే పాలు తీసుకోవాలి. 'త్వరగా', 'సరిగ్గా', 'సులభంగా' లాంటి మాటలు ఎక్కడ కనబడినా కొట్టేయించి, వాటి స్థానంలో అంకె రాయించండి. 'ఎస్‌ఎంఎస్ త్వరగా వెళ్లాలి' అన్న వాక్యాన్ని ఎవరూ టెస్ట్ చేయలేరు, మనిషైనా ఏఐ అయినా.

ఇప్పుడు టెస్ట్ కేసులు. డాక్యుమెంటు మొత్తం ఒకేసారి ఇవ్వకుండా, ఒకదానికొకటి సంబంధం ఉన్న రెండు మూడు వాక్యాలను మాత్రం ఇవ్వాలి. నలభై పేజీలు ఒకేసారి ఇస్తే మధ్యలోని రిక్వైర్‌మెంట్లు జారిపోయే ప్రమాదం ఉంది, మొదటివీ చివరివీ బాగా వచ్చినా, పట్టిక పొడుగ్గా ఉండటంతో లోటు కనబడదు. వాటితో పాటు మాటల పట్టిక కూడా ఇవ్వాలి: పూట అంటే ఏమిటి, తిరస్కరణ అంటే బిల్లులో వరుసే ఉండదా లేక సున్నా రూపాయలతో ఉంటుందా, ఇలా. ఆ తర్వాత అడగాల్సిన తీరు ఇది:

'కింద ఇచ్చిన రిక్వైర్‌మెంట్లకు మాత్రమే టెస్ట్ కేసులు రాయి. వాటిలో లేని విషయం ఊహించకు. స్పష్టత లేనిచోట టెస్ట్ కేసు బదులు ప్రశ్న అని రాసి, ఏం తెలియాలో ఒక్క వాక్యంలో చెప్పు. ప్రతి హద్దుకూ మూడు విలువలు తీసుకో: ఒక మెట్టు కింద, సరిగ్గా హద్దు మీద, ఒక మెట్టు పైన. ప్రతి టెస్ట్ కేసులో దాని నంబరు, రిక్వైర్‌మెంట్ నంబరు, ముందు ఉండాల్సిన స్థితి, ఇచ్చే డేటా, చేసే పనులు, రావాల్సిన ఫలితం ఉండాలి. చివరి గడిలో, ఆ ఫలితం రిక్వైర్‌మెంట్‌లోని ఏ మాటల నుంచి వచ్చిందో ఆ మాటలనే ఉన్నదున్నట్టు రాయి.'

ఈ చివరి గడి మొత్తం పద్ధతికి ప్రాణం. ఏఐ ఏదైనా కల్పించుకుంటే అక్కడ దొరికిపోతుంది. పాల కేంద్రం ప్రాజెక్టులో 'పాస్‌వర్డ్ మర్చిపోయినప్పుడు ఈమెయిల్ రావాలి' అన్న టెస్ట్ కేసు వస్తే, ఆ మాట రిక్వైర్‌మెంట్‌లో ఎక్కడుందో చూపించడం దానివల్ల కాదు. ఒక్కోసారి రిక్వైర్‌మెంట్‌లో లేని వాక్యాన్ని కూడా ఉన్నట్టే రాసేస్తుంది. కాబట్టి ఆ గడిలోని మాటలను విద్యార్థి డాక్యుమెంటులో వెతికి చూసుకోవాలి. కంప్యూటర్‌లో వెతకడానికి ఒక్కో వరుసకు పది సెకన్లు పడుతుంది. దొరకని వరుసను తీసేయాలి, లేదా నిజంగా అవసరమైన పని అనిపిస్తే రిక్వైర్‌మెంట్‌గా చేర్పించి నంబరు ఇవ్వాలి.

హద్దుల దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే అసలు సారమంతా ఇక్కడే ఉంది. ఫ్యాట్ హద్దు సులభం: 3.1, 3.2, 3.3. ఎస్‌ఎన్‌ఎఫ్ హద్దు అంత సులభం కాదు. తెరమీద ఎస్‌ఎన్‌ఎఫ్ టైపు చేసే గడే లేదు, అది లెక్కగా వచ్చేది. ఏఐ తరచూ 'ఎస్‌ఎన్‌ఎఫ్ 8.2 ఇవ్వండి' అని రాసేస్తుంది, ఆ టెస్ట్‌ను ఎవరూ నడపలేరు. 8.2, 8.3, 8.4 వచ్చేలా లాక్టోమీటర్, ఫ్యాట్ విలువలను వెనక్కి లెక్కగట్టి ఇవ్వాలి. లాక్టోమీటర్ 27, ఫ్యాట్ 4.3 అయితే 6.75, 1.075, 0.44 కలిపి 8.265. కత్తిరిస్తే 8.2, కాబట్టి తిరస్కరణ. 27.5, 4.0 అయితే 8.315, అంటే 8.3, తీసుకోవాలి. 28, 4.0 అయితే 8.44, అంటే 8.4, తీసుకోవాలి. ఈ లెక్కలు ఏఐ చేత చేయించొద్దు. భాషా మోడళ్లు దశాంశాల లెక్కల్లో తప్పు అంకెను కూడా అంతే నమ్మకంగా రాస్తాయి. ఎక్సెల్‌లో ఒక ఫార్ములా పెట్టి, రావాల్సిన ఫలితం గడిని అక్కడి నుంచి నింపాలి.

ఇంకో సంగతి. తిరస్కరణ టెస్ట్‌లో ఒక్క కారణమే ఉండాలి. ఫ్యాట్ 3.1, లాక్టోమీటర్ 26 ఇస్తే ఎస్‌ఎన్‌ఎఫ్ 7.7 వస్తుంది, అంటే రెండూ తక్కువే. ప్రోగ్రాం తిరస్కరించింది సరే, ఏది చూసి తిరస్కరించింది? ఫ్యాట్‌ను అసలు చూడకపోయినా ఈ టెస్ట్ పాస్ అవుతుంది. ఫ్యాట్ 3.1, లాక్టోమీటర్ 29 ఇవ్వండి. ఎస్‌ఎన్‌ఎఫ్ 8.4 వస్తుంది, అంటే బాగానే ఉంది. ఇప్పుడు తిరస్కరిస్తే ఫ్యాట్ వల్లే. దీనికి జోడీగా ఫ్యాట్ 3.2, లాక్టోమీటర్ 29 పెడితే ఎస్‌ఎన్‌ఎఫ్ అదే 8.4, ఫలితం మాత్రం తీసుకోవడం. మీరు క్లాసులో డెసిషన్ టేబుల్, బౌండరీ వాల్యూ అని చెప్పే పాఠాలకు ఈ ఐదు వరుసలు చక్కటి రూపం.

ఈ ఐదు వరుసలకు బలం ఉందా లేదా అన్నది వాదన అక్కర్లేకుండా చూపించవచ్చు. విద్యార్థి ప్రోగ్రాంలో మీరే నాలుగు తప్పులు పెట్టండి, ఒక్కోసారి ఒక్కటే. మొదటిది, 'కనీసం' అన్నచోట సమానం గుర్తు తీసేసి 'ఎక్కువ' అని మార్చండి. రెండోది, 'రెండూ ఉంటేనే' అన్నదాన్ని 'ఏదో ఒకటి ఉంటే' చేయండి. మూడోది, 0.44ను 0.36 చేయండి. నాలుగోది, కత్తిరించే చోట దగ్గరి దశాంశానికి సవరించేలా మార్చండి. ఇప్పుడు టెస్టులన్నీ నడపండి.

మొదటి తప్పును ఫ్యాట్ 3.2, లాక్టోమీటర్ 29 వరుస పట్టుకుంటుంది, తీసుకోవాల్సిన పాలను ప్రోగ్రాం తిరస్కరిస్తుంది కాబట్టి. రెండోదాన్ని ఫ్యాట్ 3.1, లాక్టోమీటర్ 29 పట్టుకుంటుంది. మూడోదాన్ని 27.5, 4.0 పట్టుకుంటుంది, 8.315 కాస్తా 8.235 అయి 8.2కు పడిపోతుంది. నాలుగోదాన్ని 27, 4.3 పట్టుకుంటుంది, 8.265 సవరిస్తే 8.3 అవుతుంది కనుక తిరస్కరించాల్సిన పాలను తీసేసుకుంటుంది. ఇక ఏఐ మామూలుగా రాసే జంట చూడండి: 'మంచి పాలు, ఫ్యాట్ 5.0, లాక్టోమీటర్ 30, తీసుకోవాలి' ఒకటి, 'నాసిరకం పాలు, ఫ్యాట్ 2.0, లాక్టోమీటర్ 22, తిరస్కరించాలి' ఒకటి. నాలుగు తప్పుల్లో ఏది పెట్టినా ఈ రెండు టెస్టులూ పాస్ అవుతాయి. ఇలాంటివి రెండుకు బదులు ఇరవై ఉన్నా అంతే. ఇలా కావాలని తప్పులు పెట్టి టెస్టులనే పరీక్షించడాన్ని మ్యుటేషన్ టెస్టింగ్ అంటారు, 1970ల నుంచీ ఉన్న ఆలోచన. జావాకు పిట్, పైథాన్‌కు మ్యూట్‌మట్ అనే ఉచిత సాధనాలు ఈ తప్పులను వాటంతటవే పెట్టి ఫలితం చెబుతాయి. సాధనం లేకపోయినా వైవాలో మీరు పది నిమిషాల్లో చేత్తో చేయగల పని ఇది.

ఏఐకి రిక్వైర్‌మెంట్ బదులు ప్రోగ్రాం కోడే ఇచ్చి టెస్టులు రాయించడం పిల్లల్లో బాగా పెరిగింది. ఇది పెద్ద పొరపాటు. కోడ్‌లో 0.36 ఉంటే ఏఐ దాన్నే సత్యమనుకుని 8.2 రావాలని రాస్తుంది. తప్పు కోడ్‌కు తప్పు టెస్ట్ సాక్షి అవుతుంది, అంతా పాస్. కోడ్ చూసి రాసిన టెస్టులకూ ఒక ఉపయోగం ఉంది: రేపు కోడ్ మార్చినప్పుడు పాత ప్రవర్తన మారిందా అని చూసుకోవచ్చు. రిక్వైర్‌మెంట్ నెరవేరిందా అన్న ప్రశ్నకు మాత్రం అవి జవాబు కావు. రెండిటినీ రిపోర్టులో వేరు వేరు పట్టికలుగా చూపించమని అడగండి.

డేటా విషయంలో ఏఐకి మన ఊరు తెలియదు. చెప్పకపోతే తేదీలను నెల ముందు, రోజు తర్వాత రాసే అలవాటు దానికి ఉంది. 05/04 అన్నది ఏప్రిల్ 5 అని మనకు, మే 4 అని దానికి. పిన్‌కోడ్ బదులు ఐదంకెల అమెరికా కోడ్ రావచ్చు. తిరుపతి 517501, చిత్తూరు 517001, ఆరంకెలు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది, కానీ చంద్రగిరి రైతు పాత కాగితాల్లో చిత్తూరు జిల్లా అనే ఉంటుంది. జిల్లా పేరుతో పోల్చే ప్రోగ్రాం అయితే దానికి టెస్ట్ కేసు మనమే అడిగి రాయించాలి.

ఆధార్ నంబరు దగ్గర ఇంకో మెలిక. ఆధార్‌లోని 12 అంకెల్లో చివరిది, మిగతావాటి నుంచి వెర్‌హాఫ్ అనే పద్ధతిలో లెక్కగట్టిన తనిఖీ అంకె. మొదటి అంకె 0 గానీ 1 గానీ కాదు. ఏఐ ఊరికే 12 అంకెలు పేర్చి 'సరైన ఆధార్' అని రాస్తే ప్రోగ్రాం దాన్ని చాలావరకు తిరస్కరిస్తుంది, విద్యార్థి అది ప్రోగ్రాం తప్పనుకుని తనిఖీ కోడ్‌నే తీసేస్తాడు. దీనికంటే కనిపెట్టడం కష్టమైనది వ్యతిరేక టెస్ట్, అంటే ప్రోగ్రాం ఒప్పుకోకూడనిది ఇచ్చి చూసే టెస్ట్. 'ఒకే ఆధార్‌తో రెండోసారి నమోదు కాకూడదు' అన్న టెస్ట్‌కు చెల్లని నంబరు ఇస్తే, అది రెండోసారి వచ్చినందుకు కాక చెల్లనందుకు ఆగిపోతుంది. టెస్ట్ పాస్ అని రాసుకుంటారు, అసలు పరీక్ష మాత్రం జరగనే లేదు. అందుకని 'రావాల్సిన ఫలితం' గడిలో 'తిరస్కరించాలి' అని వదిలేయకుండా, తెరమీద ఏ సందేశం రావాలో కూడా రాయించండి.

తెలుగులో ఎస్‌ఎంఎస్ పంపుతామనే ప్రాజెక్టులకు ఈ కింది లెక్క తెలియడం తప్పనిసరి. ఇంగ్లీషులో ఒక ఎస్‌ఎంఎస్‌కు 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70. అంతకు మించితే 67 చొప్పున ముక్కలవుతుంది, ఖర్చూ ముక్కల లెక్కనే. ఈ 70 మన కంటికి కనబడే అక్షరాల లెక్క కాదు. 'లక్ష్మి' మనకు రెండక్షరాలు, కంప్యూటర్‌కు ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. 'లక్ష్మమ్మ గారూ, ఉదయం పూట 6.5 లీటర్లు, ఫ్యాట్ 4.0, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.3, మొత్తం' అనే సరికే 70 దాటిపోతుంది, డబ్బు అంకె రెండో ముక్కలోకి వెళ్తుంది. డేటాబేస్‌లోనూ ఇదే గొడవ. యూటీఎఫ్-8లో (అక్షరాలను కంప్యూటర్‌లో దాచే పద్ధతి) ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, అంటే లక్ష్మికి 21. పేరు గడి పొడవును బైట్లలో 20గా పెట్టుంటే లక్ష్మి పేరు పట్టదు. ఏఐకి 'పేర్లు తెలుగు లిపిలో ఉంటాయి, పొట్టి పేరు, ఒత్తులెక్కువ ఉన్న పేరు, ఇంటిపేరు పొడుగ్గా ఉన్న పేరు ఇవ్వు' అని చెబితే చక్కగా ఇస్తుంది. చెప్పకపోతే జాన్ స్మిత్ వస్తాడు.

నిజమైన రైతుల పేర్లు, ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఇంటర్నెట్‌లోని ఏఐకి ఇవ్వడం మాత్రం గట్టిగా ఆపించండి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. చట్టం సంగతి పక్కనపెట్టినా, మన మీద నమ్మకంతో పాస్‌బుక్ చూపించిన మనిషి వివరాలను ఎక్కడికో పంపడం తప్పు. నిజం డేటా చూడక తప్పని ప్రాజెక్టు అయితే ల్యాబ్‌లోనే మోడల్ నడపొచ్చు. ఒల్లామా లాంటి ఉచిత సాధనంతో 800 కోట్ల పారామీటర్ల (మోడల్ లోపలి అంకెల) మోడల్‌ను నాలుగు బిట్లకు కుదించిన రూపంలో దించుకుంటే దాదాపు 5 జీబీ ఉంటుంది. 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు లేకుండానే నడుస్తుంది. నెమ్మదిగా నడుస్తుంది, పెద్ద మోడళ్లంత నాణ్యత ఉండదు, తెలుగు కూడా అంత బాగా రాదు. ఒక్కో రిక్వైర్‌మెంట్ చొప్పున ఇస్తే మాత్రం పనికొచ్చే ముసాయిదా వస్తుంది.

ఒకే ప్రాంప్ట్ (ఏఐకి ఇచ్చే ఆదేశం) రెండుసార్లు ఇస్తే రెండు వేర్వేరు పట్టికలు రావచ్చన్నది కూడా గుర్తుంచుకోవాలి. అందువల్ల వాడిన ప్రాంప్ట్, మోడల్ పేరు, తేదీ, అది ఇచ్చిన అసలు పట్టిక, విద్యార్థి దిద్దిన పట్టిక, ఇవన్నీ గిట్‌లో (మార్పులన్నిటినీ దాచిపెట్టే సాధనం) ఉండాలి. రిక్వైర్‌మెంట్ ఒకటి మారితే అన్నీ మళ్లీ రాయించకూడదు. అలా చేస్తే నంబర్లు మారిపోయి, నిన్నటి బగ్ ఏ టెస్ట్‌లో దొరికిందో తెలియకుండా పోతుంది. మారిన నంబరుకు చెందిన టెస్టులను మాత్రమే తిరిగి రాయించాలి.

ఇక మీ చేతిలో ఉన్నది. రిపోర్టు ఫార్మాట్‌లో టెస్టింగ్ చాప్టర్‌కు ఇన్ని పేజీలు ఉండాలన్న నియమం ఉంటే తీసేయండి, పేజీల కోసమే వరుసలు పెరుగుతున్నాయి. దాని బదులు ఒక పేజీ ట్రేసబిలిటీ పట్టిక అడగండి: ఎడమవైపు రిక్వైర్‌మెంట్ నంబర్లు, ఎదురుగా టెస్ట్ నంబర్లు. ఎదురుగా ఏమీ లేని రిక్వైర్‌మెంట్ ఉందా, ఏ రిక్వైర్‌మెంట్‌కూ చెందని టెస్ట్ ఉందా, ఈ రెండూ కంటిచూపుతో తేలిపోతాయి. ఏఐ ఇచ్చిన వరుసల్లో విద్యార్థి తీసేసినవి ఏవి, ఎందుకు తీసేశాడో కూడా అడగండి. ఒక్కటీ తీసేయలేదంటే చదవలేదనే అర్థం. అన్నీ పాస్ అయిన పట్టికకు ఎక్కువ మార్కులు, ఫెయిల్ ఉన్నదానికి తక్కువ మార్కులు అనే అలవాటు ఎక్కడైనా ఉంటే దయచేసి మార్చండి. బగ్ దొరికి, దిద్ది, మళ్లీ నడిపిన టెస్ట్‌ను దాచుకోవాల్సిన పరిస్థితి విద్యార్థికి రాకూడదు.

గైడ్‌కు ఒక్కో సెమిస్టర్‌లో ఎన్ని బ్యాచ్‌లు ఉంటాయో, మీ మీద ఎంత పని ఉంటుందో మాకు తెలుసు. వంద వరుసలు చదవమని మిమ్మల్ని అడగడం లేదు. జీరోత్ రివ్యూలో ప్రశ్నల పట్టిక చూడండి. రెండో రివ్యూలో ఏవో మూడు టెస్ట్ కేసులు తీసి, 'ఈ ఫలితం ఏ మాట నుంచి వచ్చింది?' అని అడగండి. వైవా రోజు కోడ్‌లో ఒక్క సమానం గుర్తు తీసేసి, టెస్టులు మళ్లీ నడపమనండి. అన్నీ పాస్ అయితే, ఏ వరుస రాసి ఉండాల్సిందో అక్కడే బోర్డు మీద రాయించండి.

పై పాల కేంద్రం ఉదాహరణను, అంకెలతో సహా, మీ ల్యాబ్‌లో ఎలా కావాలంటే అలా వాడుకోండి.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల సాఫ్ట్‌వేర్ టెస్టర్లం కొందరం